ఒక మ్యాచ్‌లో హీరో, తర్వాతి మ్యాచ్‌లో జీరో: జాక్ వాట్స్ ఫామ్‌ని ఎలా చదవాలి?

2009 జూన్ 8. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్, మనం టీవీలో చూసే అదే ఎంసీజీ. ఆ రోజు మాత్రం అక్కడ జరుగుతున్నది క్రికెట్ కాదు, ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. అప్పట్లో రాణి పుట్టినరోజు సెలవు నాడు మెల్‌బోర్న్, కాలింగ్‌వుడ్ క్లబ్బులు ఆడే మ్యాచ్‌కి అక్కడ పండగంత హడావిడి ఉండేది. ఆ మ్యాచ్‌తో మెల్‌బోర్న్ తరఫున మొదటిసారి గ్రౌండ్‌లోకి దిగిన కుర్రాడి పేరు జాక్ వాట్స్. వయసు 18, ఎత్తు 196 సెంటీమీటర్లు. ఇంకా స్కూల్లో పన్నెండో క్లాసు చదువుతున్నాడు. బాల్ దగ్గరికి వెళ్ళగానే కాలింగ్‌వుడ్ వాళ్ళు మీదపడి నేలకేసి తొక్కినంత పని చేశారు. మెల్‌బోర్న్ ఓడిపోయింది.

అక్కడ్నుంచి దాదాపు తొమ్మిది సీజన్లు అతని పేరు పక్కన ఒకే మాట అతుక్కుపోయింది: ఇన్‌కన్సిస్టెంట్. టాలెంట్ ఉంది, నిలకడ లేదు. ఈ వ్యాసంలో నేను చూడాలనుకుంటున్నది ఆ మాటనే. అది నిజంగా అతని గురించి చెబుతోందా, లేక మనం కొలిచే పద్ధతి గురించి చెబుతోందా?

ముందు ఆట గురించి కొంచెం. ఓవల్ గ్రౌండ్, కోడిగుడ్డు ఆకారంలో బాల్, ఒక్కో జట్టుకి గ్రౌండ్ మీద 18 మంది. ఆఫ్‌సైడ్ లేదు. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు ఉంటాయి. మధ్యలో ఉన్న పొడవైన రెండింటి నడుమ నుంచి తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క సందుల్లోంచి పోతే బిహైండ్, 1 పాయింటే. ఎవరైనా 15 మీటర్లకి తగ్గకుండా తన్నిన బాల్‌ని నేల తాకకముందే పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు. పట్టినవాడికి ఎవరూ అడ్డురాకుండా తన్నే అవకాశం దొరుకుతుంది. పొడుగ్గా ఉండి, గోల్ దగ్గర నిలబడి, గాల్లోకి ఎగిరి మార్కులు పట్టి గోల్స్ కొట్టేవాడు కీ ఫార్వర్డ్. వాట్స్‌ని తీసుకున్నది ఆ పనికే.

తీసుకోవడం అంటే డ్రాఫ్ట్. ముందు సీజన్లో అట్టడుగున ఉన్న జట్టు కొత్త కుర్రాళ్ళలో మొదటివాణ్ణి ఎంచుకుంటుంది. 2008లో చివరి స్థానం మెల్‌బోర్న్‌ది, అందుకే నంబర్ వన్ పిక్ వాళ్ళకి వచ్చింది. వాళ్ళు వాట్స్‌ని ఎంచుకున్నారు. రెండో పిక్‌లో వెస్ట్ కోస్ట్ ఈగల్స్ నిక్ నైటనూయిని తీసుకుంది. అతను చూడగానే కళ్ళు తిప్పుకోలేని అథ్లెట్. ఇంకేముంది, వాట్స్ బాగా ఆడని ప్రతి వారం జనం ఆ రెండో పేరు చెప్పి నిట్టూర్చేవారు. ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చినవాడు ఫస్ట్ సెమ్‌లో ఒక సబ్జెక్ట్ తప్పితే ఇంట్లో ఏమంటారో మనకి తెలుసు కదా. మామూలు ర్యాంకువాడు తప్పితే ఆ గొడవ అంతగా ఉండదు. మార్కులు ఇద్దరివీ ఒకటే, పోల్చే గీతే వేరు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. మన ప్రాబబిలిటీ సిలబస్‌లో పాయిజాన్ డిస్ట్రిబ్యూషన్ ఉంది (పేరు వింటే విషంలా ఉంటుంది, నిజానికి ఫార్ములా చాలా సాధువు). అరుదుగా, కొద్ది సంఖ్యలో జరిగే సంఘటనల్ని లెక్కపెట్టడానికి వాడతాం. ఒక ఊహా ఫార్వర్డ్‌ని తీసుకోండి. అతని సామర్థ్యం సీజన్ మొత్తం ఒక్క ఇసుమంత కూడా మారదు, సగటున మ్యాచ్‌కి 1.5 గోల్స్. అంటే నిర్వచనం ప్రకారమే పర్‌ఫెక్ట్ నిలకడ ఉన్న మనిషి. అతను ఒక మ్యాచ్‌లో సున్నా గోల్స్ కొట్టే అవకాశం ఎంత? ఫార్ములాలో వేస్తే 0.223. సీజన్‌కి 22 మ్యాచ్‌లు అనుకుంటే దాదాపు 5 మ్యాచ్‌లలో గుండు సున్నా. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ గోల్స్ కొట్టే అవకాశం 0.066, అంటే సీజన్‌లో ఒకటో రెండో మ్యాచ్‌లు. వరసగా రెండు మ్యాచ్‌లు సున్నా రావడం కూడా సీజన్‌కి ఒకసారి దాకా జరుగుతుంది.

ఇప్పుడు ఆ సీజన్‌ని పేపర్లో చదువుతున్నట్టు ఊహించుకోండి. ఒక వారం నాలుగు గోల్స్, ఆహా ఓహో. తర్వాత రెండు వారాలు సున్నా, "ఎక్కడికి పోయాడు?" మళ్ళీ మూడు, "ఫామ్‌లోకి వచ్చాడు." మళ్ళీ సున్నా, "తలకెక్కింది." ఒక్క మార్పూ లేని మనిషి గురించి ఇన్ని కథలు అల్లేశాం. నిజమైన ఆటలో గోల్స్ ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావు, ప్రత్యర్థి కూడా ప్రతి వారం మారతాడు, కాబట్టి నిజమైన ఊగిసలాట ఇంకా ఎక్కువే ఉంటుంది. (లెక్కలో తప్పుంటే క్లబ్ మీటింగ్‌లో పట్టుకోండి, టీ నేనే ఇప్పిస్తా.)

ఇంకో ప్రశ్న: "గత ఐదు మ్యాచ్‌ల ఫామ్" అంటారు కదా, అది ఎంత నమ్మదగింది? అదే 1.5 ఆటగాడి ఐదు మ్యాచ్‌ల సగటుకి స్టాండర్డ్ ఎర్రర్ సుమారు 0.55 వస్తుంది. అంటే సగటు 1 గోల్ వచ్చినా 2 వచ్చినా అది అదే మనిషి కావచ్చు. 22 మ్యాచ్‌లు తీసుకుంటే ఎర్రర్ 0.26కి దిగుతుంది, అప్పుడు కొంచెం ధైర్యంగా మాట్లాడొచ్చు. కానీ 22 మ్యాచ్‌ల దాకా ఆగే ఓపిక ఏ అభిమానికి ఉంటుంది?

ఇక దీనికంటే పెద్ద విషయం, సప్లై. ఫార్వర్డ్ గోల్ దగ్గర నిలబడి ఉంటాడు. మధ్యలో ఉన్నవాళ్ళు బాల్ గెలిచి, తలెత్తి చూసి, సరిగ్గా తన్నితేనే అతనికి పని. వడ్డించేవాళ్ళు లేకపోతే విస్తరి ముందు కూర్చున్నవాడు ఏం తింటాడు? మెల్‌బోర్న్ ఆ ఏళ్ళలో ఎలా ఉందో చూడండి. 2009లో 22 మ్యాచ్‌లలో 4 గెలుపులు, మళ్ళీ అట్టడుగే. 2011 జూలైలో జీలాంగ్ చేతిలో 186 పాయింట్ల తేడాతో ఓడింది, 233కి 47. మర్నాడే కోచ్ డీన్ బెయిలీని తీసేశారు. 2012లో 4 గెలుపులు. 2013లో రెండే రెండు.

అదే ఊహా ఆటగాణ్ణి ఇలాంటి జట్టులో పెడితే? మనిషి నైపుణ్యం అలాగే ఉంచి, బాల్ దాదాపు సగమే అందుతోందని అనుకుని సగటుని 0.8కి తగ్గిద్దాం. సున్నా వచ్చే అవకాశం ఒక్కసారిగా 0.449 అవుతుంది. 22 మ్యాచ్‌లలో పది సున్నాలు! ఇంతకుముందు ఐదు ఉండేవి. కుర్రాడిలో తేడా లేదు, కానీ పేపర్లో అతని సీజన్ సర్వనాశనం. కాబట్టి ఫార్వర్డ్ గోల్స్ పక్కన ఆ మ్యాచ్‌లో జట్టు ఎన్నిసార్లు గోల్‌కి 50 మీటర్ల లోపలికి బాల్ చేర్చిందో రాయకపోతే ఆ నంబర్‌కి అర్థం లేదని నా అభిప్రాయం. ఇన్‌సైడ్ 50 అనే ఆ లెక్క అక్కడ ప్రతి మ్యాచ్‌కీ దొరుకుతుంది కూడా.

గోల్, బిహైండ్ తేడా కూడా ఇలాంటిదే. ఐదు షాట్లలో 4 గోల్స్, 1 బిహైండ్ కొడితే 25 పాయింట్లు, హీరో. అవే ఐదు షాట్లలో 1 గోల్, 4 బిహైండ్‌లైతే 10 పాయింట్లు, విలన్. ఐదు షాట్లు తెచ్చుకోవడం అసలు కష్టమైన పని. అది రెండు రోజులూ ఒకేలా చేశాడు. నేనైతే ఒక కుర్రాణ్ణి అంచనా వేసేటప్పుడు గోల్స్ కాలమ్ కంటే ముందు షాట్ల కాలమ్ చూస్తా, ఆ తర్వాత డిఫెండర్ మీదున్నప్పుడు పట్టిన మార్కులు చూస్తా.

వాట్స్ విషయంలో డేటాని ఇంకా పాడు చేసిన సంగతి ఒకటుంది. అతని మెల్‌బోర్న్ కెరీర్ తొమ్మిది సీజన్లు, ఆ తొమ్మిదిలో కోచ్‌లు ఆరుగురు: బెయిలీ, తర్వాత తాత్కాలికంగా టాడ్ వైనీ, మార్క్ నీల్డ్, మళ్ళీ తాత్కాలికంగా నీల్ క్రెయిగ్, పాల్ రూస్, చివరికి సైమన్ గుడ్విన్. కోచ్ మారినప్పుడల్లా ఆలోచన మారింది, కుర్రాడు నిలబడే చోటూ మారింది. మొదట ఫార్వర్డ్. 2012లో నీల్డ్ అతన్ని వెనక్కి, హాఫ్ బ్యాక్‌కి పంపాడు. ఆశ్చర్యం ఏంటంటే అక్కడ బాగానే కుదురుకున్నాడు. బాల్‌ని చదవడం, పొడవు కాళ్ళతో చక్కగా తన్నడం డిఫెన్స్‌లో పనికొచ్చాయి. రూస్ వచ్చాక వింగ్‌లో తిప్పారు, తర్వాత మళ్ళీ ముందుకి. రెండు మూడు వేరే ఉద్యోగాల జీతాలు ఒకే కాలమ్‌లో పోసి సగటు తీసి, "ఈయన ఆదాయంలో నిలకడ లేదు" అంటే ఎలా ఉంటుంది? డేటాబేస్ ల్యాబ్‌లో ఇలాంటి టేబుల్ చేస్తే మనకి సున్నా మార్కులు.

వయసు సంగతి త్వరగా చెప్పేస్తా. 18 ఏళ్ళ పొడుగు కుర్రాడికి ఎదురుగా నిలబడేది చాలా ఏళ్ళు వెయిట్లు ఎత్తిన మగాడు. పొట్టి, వేగమైన కుర్రాళ్ళు తొందరగా నెట్టుకొస్తారు, పొడుగు ఫార్వర్డ్‌లకి ఒంట్లో కండ పట్టడానికి కొన్ని సీజన్లు పడుతుంది. అదే 2008 డ్రాఫ్ట్‌లోంచి వచ్చిన మిడ్‌ఫీల్డర్ డేనియల్ రిచ్ 2009లోనే రైజింగ్ స్టార్ అవార్డు గెలిచాడు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మనవాళ్ళంటారు. ఈ ఆటలో అన్ని పువ్వులకీ అది వర్తించదు.

ఇంతవరకు చదివి, "అంటే వాట్స్ తప్పు ఏమీ లేదంటావా?" అని అడగొచ్చు. అలా అనను. నాయిస్, సప్లై, రోల్, వయసు అన్నీ తీసేశాక కూడా కొంత మిగులుతుంది. పక్కన డిఫెండర్ గట్టిగా ఉన్నప్పుడు బాల్ కోసం ఒళ్ళు దాచుకోకుండా దూకడంలో అతని మీద వచ్చిన విమర్శ ఒక్క ఏడాదిది కాదు. కోచ్‌లు మారినా ఆ విమర్శ మారలేదు. ట్రైనింగ్ శ్రద్ధ మీద క్లబ్‌కి అసంతృప్తి ఉందని 2017లో బహిరంగంగానే చర్చ జరిగింది. వేరు వేరు పరిస్థితుల్లో ఒకే విషయం మళ్ళీ మళ్ళీ కనపడితే దాన్ని నాయిస్ అనలేం, అది సిగ్నలే. నా కంప్లయింట్ ఒక్కటే: ఈ చిన్న సిగ్నల్‌ని చూపించి, పైన చెప్పిన కొండంత మిగతాదాన్ని కూడా కుర్రాడి స్వభావం ఖాతాలో రాసేశారు.

నంబర్లు అసలు పట్టుకోలేనిదీ ఒకటి ఉంటుంది. టామ్ బాయ్డ్ 2013 డ్రాఫ్ట్‌లో నంబర్ వన్, అతనూ కీ ఫార్వర్డే. ఒక సీజన్‌లో 9 మ్యాచ్‌లు ఆడాక వెస్టర్న్ బుల్‌డాగ్స్ ఏడేళ్ళ భారీ కాంట్రాక్ట్‌తో తీసుకెళ్ళింది. ఆ డబ్బుకి తగ్గట్టు ఆడట్లేదని వారం వారం మాటలు. 2016 గ్రాండ్ ఫైనల్‌లో అదే బాయ్డ్ 3 గోల్స్ కొట్టాడు. ఆఖర్లో చాలా దూరం నుంచి తన్నిన గోల్‌తో మ్యాచ్ ముగిసినట్టే అయింది. బుల్‌డాగ్స్‌కి 1954 తర్వాత మొదటి టైటిల్ అది. మర్నాటి ఏడాది మానసిక ఆరోగ్యం కోసం ఆట నుంచి విరామం తీసుకున్నాడు, ఆ సంగతి దాచుకోకుండా చెప్పాడు. 2019లో 23 ఏళ్ళకే రిటైర్ అయ్యాడు. మనం "ఫామ్ లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేసిన వారాల్లో అతని లోపల ఏం జరుగుతోందో ఏ స్ప్రెడ్‌షీట్‌లోనూ కాలమ్ లేదు.

మళ్ళీ వాట్స్ దగ్గరికి. 2016లో అతను ఎక్కువగా ఫార్వర్డ్‌గానే ఆడాడు, కెరీర్‌లోనే మంచి సీజన్. ఆ ఏడాదే మెల్‌బోర్న్ 10 మ్యాచ్‌లు గెలిచింది. రక్‌లో మ్యాక్స్ గాన్ మొదటిసారి ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులోకి వచ్చాడు. క్లేటన్ ఆలివర్, క్రిస్టియన్ పెట్రాకా లాంటి కుర్రాళ్ళు ఆ సీజన్‌లోనే దిగారు. వయసు 25, ఒక స్థిరమైన రోల్, ముందుకి బాల్ అందించే మధ్య వరుస. 2009లో లేనివి మూడూ ఒకేసారి దొరికాయి. ఫామ్ దానంతటదే వచ్చిందా, వీటి వల్ల వచ్చిందా? రెండోదే అనుకుంటా, కానీ ఒక్క సీజన్ సాక్ష్యంతో బల్లగుద్ది చెప్పలేను.

2017 జూన్‌లో మళ్ళీ అదే సెలవు రోజు, అదే ఎంసీజీ, అదే కాలింగ్‌వుడ్. చివరి నిమిషాల్లో మెల్‌బోర్న్‌ని గెలిపించిన గోల్ వాట్స్ కాలి నుంచే వచ్చింది, 4 పాయింట్ల తేడాతో. స్టాండ్స్‌లో జనం ఊగిపోయారు. ఎనిమిదేళ్ళ క్రితం ఇదే చోట మొదలైన కథకి ఇది సరైన ముగింపని చాలామందికి అనిపించి ఉంటుంది. నాకూ అనిపించింది. కానీ 2009 మ్యాచ్ ఎంత డేటానో ఇదీ అంతే, ఒక్క మ్యాచ్. సుమారు నాలుగు నెలలకే, అక్టోబర్‌లో, మెల్‌బోర్న్ అతన్ని పోర్ట్ అడిలైడ్‌కి ఇచ్చేసింది. ఒకప్పటి నంబర్ వన్‌కి బదులుగా తీసుకున్నది 31వ పిక్.