సీడు పరీక్ష చేయిస్తే విశ్వాసం లేనట్టా?

సమస్య: మాది కాట్రేనికోన మండలంలో ఏటి పక్క ఊరు. మా ఆయన మూడెకరాల చెరువు లీజుకు తీసుకుని వనామి రొయ్య వేస్తున్నారు. వరసగా రెండు పంటలు తెల్లమచ్చతో పోయాయి. మేత షాపులో బాకీ పడ్డాం. ఈమధ్య కూటాల్లో ఒక ప్రసంగీకుడు, దేవుడికి విత్తన కానుక ఇస్తే నూరంతలుగా తిరిగొస్తుందని చెప్పారు. అప్పటి నుంచి ఈయన నా బంగారం తాకట్టు పెట్టి, కొంత కానుకగా ఇచ్చి, మిగతా దానితో ఇంకో నాలుగెకరాలు పడతానంటున్నారు. ఈసారి సీడు ల్యాబులో పరీక్ష చేయించి వేద్దామండీ అంటే అది అవిశ్వాసమట. మా మామగారేమో ప్రార్థనలు కట్టిపెట్టి గట్టుమీద పడుకుంటే రొయ్య అదే బతుకుతుందంటారు. నేను బాప్తిస్మం తీసుకున్నదాన్ని. ఎవరి మాట పట్టుకోవాలో తెలియడం లేదు.
– ఒక సోదరి, కాట్రేనికోన

సలహా: అమ్మా, మీ ఆయనా మీ మామగారూ చెరో వైపు లాగుతున్నట్టు కనిపిస్తున్నా ఇద్దరూ నమ్మేది ఒక్కటే, ఫలితం మన గుప్పిట్లో ఉందని. ఒకరు కానుకతో రాబట్టవచ్చంటున్నారు, ఒకరు కాపలాతో. ఫలితం నా చేతిలో లేదని ఒప్పుకున్న చోటే విశ్వాసం మొదలవుతుంది. అలా ఒప్పుకున్నవాడు పరీక్ష చేయించడానికి జంకడు. తెల్లమచ్చ వైరస్‌కు మందు లేదు. చెరువులో బయటపడితే వారం పది రోజుల్లో పంటంతా తుడిచిపెట్టుకుపోతుంది. అది సీడుగా వేసే పిల్లతో రావచ్చు, పీతలతో రావచ్చు, పక్క చెరువు నీళ్లతో రావచ్చు. పిల్లతో వచ్చే దారిని పిసిఆర్ పరీక్ష ముందే చూపిస్తుంది. దేవాలయ శిఖరం మీంచి దూకు, దూతలు పట్టుకుంటారని సాతాను వాక్యం చూపించి మరీ పిలిచినా యేసు దూకలేదు, అది దేవుణ్ణి శోధించడం అన్నాడు. అప్పు తెచ్చి, పరీక్షించని సీడు వేసి, ఇక కాపాడమని మోకరించడం ఆ దూకుడు లాంటిదే. సీడును పరీక్షించనివాడే దేవుణ్ణి పరీక్షిస్తున్నాడు.

గోదావరి మీదే దీనికి సాక్ష్యం ఉంది. ఆ నది మీద ఆనకట్ట కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ గట్టి విశ్వాసి. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి నరసాపురం ప్రాంతంలో సువార్త చెప్పిన బౌడెన్, బీర్‌లతో స్నేహంగా ఉన్నవాడు. అంత ప్రార్థనాపరుడూ నది ఒడ్డున మోకరించి నీళ్లు కాలవలోకి రమ్మనలేదు. ఏడాదిలో ఏ నెలలో ఎంత నీరు, ఏ చోట ఎంత మట్టం అని కొలుచుకుంటూ తిరిగాడు. ఇసుకలో పునాది ఎలా నిలబడుతుందో కావేరి మీద చోళులు కట్టిన కల్లణైని చూసి నేర్చుకున్నాడు. వేరే మతం వాళ్లు కట్టిందని దాన్ని పక్కన పెట్టలేదు. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. ఆయనకు కొలతబద్ద ప్రార్థనకు అడ్డు రాలేదు. మీ ఇంట్లో ల్యాబు రిపోర్టు ఎందుకు అడ్డొస్తుంది?

రాత్రంతా ఏమీ పడకపోయినా యేసు మాట మీద పేతురు మళ్లీ వల వేశాడు కదా, అతను లెక్క చూసుకున్నాడా అని మీ ఆయన అడగవచ్చు. ఆ వల అతని పనిముట్టు, అప్పుడే ఒడ్డున కూర్చుని కడుక్కుంటున్నది. వల కడుగుతున్నారంటే ఆ పూటకు వేట అయిపోయిందని బలుసుతిప్ప జాలరుల్లో ఎవరినడిగినా చెబుతారు. అయినా వెళ్లాడు, నిజమే. కానీ అందుకోసం పడవ తాకట్టు పెట్టలేదు, భార్య నగలు అడగలేదు. పైగా రెండు పడవలు మునిగేటంత చేప పడిన ఆ రోజే అన్నీ వదిలేసి ప్రభువు వెంట వెళ్లిపోయాడు. రాబడి పెరుగుతుందనడానికి ఆ కథ సాక్ష్యం చెప్పదు. ఇక నూరంతల మాట. విత్తువాని ఉపమానంలో విత్తనమంటే వాక్యమని యేసే విప్పి చెప్పాడు. మరోచోట నూరంతలన్నది ఆయన కోసం ఇల్లూ పొలమూ విడిచినవాళ్లకు, అదీ హింసలతో కలిపి. విధవరాలు వేసిన రెండు కాసులు ఆమె సొంతం. తాకట్టు డబ్బు కానుక పెట్టెలో వేస్తే అది అప్పిచ్చినవాడి సొమ్మే తప్ప మీ కానుక అవదు.

పరీక్ష చేయించినవాళ్ల పంటా పోతోంది కదా అంటే, పోతోంది. పంట దక్కినా ధర మన చేతిలో ఉండదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆ దెబ్బలో కాట్రేనికోన రైతు విశ్వాసం తప్పూ లేదు, కష్టం తప్పూ లేదు. కష్టం ఎప్పుడూ ఫలిస్తుందనే మాటను నేనూ నమ్మను. మిషనరీల ఇళ్లలో మొదలైన నరసాపురం లేసు అల్లికలో ఆడవాళ్లు కళ్లు పోయేలా సూది తిప్పారు, లాభం మాత్రం ఎగుమతి చేసేవాళ్లకే ఎక్కువగా చేరింది. కాబట్టి రెండు పంటలు పోవడాన్ని దేవుడి కోపంగా చదవొద్దని మీ ఆయనకు ముందు మీరే చెప్పండి. ఆ భయమే ఆయన్ని నాలుగెకరాల వైపు తోస్తోందని నా అనుమానం.

మరి అన్నీ కొలతలతోనే అయితే ప్రార్థన దేనికి? తూము దగ్గర నిలబడి చూడండి. అర్ధరాత్రి, చెక్ ట్రేలో మచ్చపడిన రొయ్య కనిపించింది. న్యాయంగా అయితే బ్లీచింగ్ చల్లి నీళ్లు లోపలే ఆపాలి, పక్కవాళ్లకు చెప్పాలి. తూము పలకెత్తితే మాత్రం తెల్లారేసరికి జబ్బునీళ్లు డ్రెయినులో కలిసిపోతాయి, ఎవరికీ తెలియదు. దిగువ చెరువువాడు పొద్దున ఆ నీళ్లే మోటారుతో తోడుకుంటాడు. ఆ పలక ఎత్తకుండా చేతిని ఆపడం ఏ ల్యాబుకూ సాధ్యం కాదు. నిషేధించిన యాంటీబయాటిక్ డబ్బాను షాపువాడి చేతికే తిరిగిచ్చే ధైర్యమూ అంతే. వ్యాపారంలో విశ్వాసం తన పని చేసేది ఇక్కడ. మీ మామగారి గట్టు కాపలా ఆ రాత్రికి చాలదు.

ఈసారికి మూడెకరాలే ఉంచండి. ముందు మేత బాకీ, లీజు, కరెంటు లెక్క మీ చేతిరాతతో రాయండి. బంగారం ఇవ్వనని నెమ్మదిగా, గట్టిగా చెప్పండి. సీడు కాగితం చూశాకే పిల్ల వదలండి. తెల్లమచ్చ మళ్లీ వస్తే తూము ముట్టుకోకూడదని చెరువు ఎండగట్టి సున్నం చల్లే రోజునే భార్యాభర్తలు మాట అనుకోండి. ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థన గట్టుమీద పెట్టుకోండి, మామగారిని కూడా పిలవండి.