గోళ్ళ రంగు దుకాణం

అమెరికాలోని న్యూయార్కులో గోళ్ళకు రంగులు వేసే దుకాణాలు చాలా ఉన్నాయి. పనిచేసేది ఎక్కువగా కొరియా, చైనా, నేపాల్ నుండి పొట్ట చేత పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు.

కొన్నిచోట్ల పనిలో చేరాలంటే యజమానికే ఎదురు డబ్బు కట్టాలి. "పని నేర్పుతున్నాం కదా, జీతం తరవాత" అనేవాళ్ళు. వారాలు గడిచేవి. చాకిరీ చేసి డబ్బు కూడా ఇవ్వడమా!

2015లో ఒక పత్రిక ఈ సంగతి రాసింది. ఆ ఏడాదే ప్రభుత్వం దుకాణాల్లో బోర్డులు పెట్టించింది. పని ఇవ్వడానికి డబ్బు తీసుకోకూడదు, జీతం లేకుండా పని చేయించకూడదు అని వాళ్ళ భాషల్లోనే రాయించింది.

జీతం ఎగ్గొట్టడం, పాస్‌పోర్టు లాక్కోవడం, ఎవరితోనూ మాట్లాడనివ్వకపోవడం మోసానికి గుర్తులు. యజమాని ఎదుట అడిగితే ఆమెకే కష్టం. పనిచేసిన రోజులు, గంటలు, చేతికొచ్చిన డబ్బు ఆమె రాసి పెట్టుకోవాలి. ఆ కాగితం కార్మిక శాఖకు చూపవచ్చు. వీసా లేకపోయినా అక్కడ ఫిర్యాదు తీసుకుంటారు.