సగటు ఒకటే, నష్టం వేరు – మొబైల్ నెట్‌వర్క్ ప్రాజెక్టు చేసేవారికి

విద్యార్థులారా! సెల్‌ఫోన్‌లో మనం పంపే మాటగానీ, బొమ్మగానీ చిన్న చిన్న ప్యాకెట్లుగా ప్రయాణిస్తుంది. దారిలో రేడియో తరంగానికి రొద తోడైతే కొన్ని ప్యాకెట్లు చెడిపోతాయి. ప్రతి ప్యాకెట్‌తోపాటు ఒక సరిచూసే అంకె వస్తుంది. లెడ్జరులో పేజీ అడుగున వేసే మొత్తం లాంటిదే అది. ఆ అంకె కుదరకపోతే ప్యాకెట్‌ను పారేస్తారు. ఇదే ప్యాకెట్ నష్టం.

మీ ప్రోగ్రాము ఈ నష్టాన్ని తట్టుకుంటుందో లేదో పరీక్షించడానికి ఖరీదైన ల్యాబు అక్కరలేదు. వైరుతో కలిపిన రెండు పాత కంప్యూటర్లు, లినక్స్‌తో ఉచితంగా వచ్చే నెటెమ్ ఉంటే చాలు. నెటెమ్ రేడియో రొదను పుట్టించదు, దాని ఫలితాన్ని కల్పిస్తుంది. ప్యాకెట్లను ఆలస్యం చేస్తుంది, పారేస్తుంది, ఒక బిట్టు మార్చి పాడుచేస్తుంది.

ఇక్కడే జాగ్రత్త కావాలి. ‘4 శాతం నష్టం’ అని మాత్రం చెబితే నెటెమ్ అక్కడొకటి ఇక్కడొకటిగా పారేస్తుంది. కానీ రైలు సొరంగంలోకి పోయినప్పుడు ప్యాకెట్లు వరుసగా పోతాయి. ఇలాంటి నష్టానికి బెల్ ల్యాబ్స్‌లో గిల్బర్ట్ 1960లో ఒక నమూనా ఇచ్చారు, ఎలియట్ 1963లో దాన్ని విస్తరించారు. ఆ నమూనా నెటెమ్‌లోనూ ఉంది. లైనుకు మంచి స్థితి, చెడ్డ స్థితి అని రెండుంటాయి. ప్రతి ప్యాకెట్‌కూ మంచి నుంచి చెడ్డకు మారే అవకాశం 1 శాతం, తిరిగి మంచికి వచ్చే అవకాశం 24 శాతం, చెడ్డ స్థితిలో అన్నీ పోతాయి అనుకుందాం. సగటు నష్టం 25లో 1వ వంతు, అంటే మళ్ళీ 4 శాతమే. కానీ పోవడం మొదలైతే సగటున నాలుగు వరుసగా పోతాయి.

దాని ప్రభావం చూడండి. నేను కామర్స్ చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. మొత్తం తెలిస్తే, చెరిగిపోయిన ఒక్క పద్దును కట్టి చెప్పగలం. రెండు చెరిగితే చెప్పలేం. నెట్‌వర్క్‌లోనూ అంతే. ఐదు ప్యాకెట్లకు తోడుగా వాటి ‘మొత్తం’ లాంటి ఆరోదాన్ని పంపితే, ఆరింటిలో ఒకటి పోయినా నష్టం పూడుతుంది. పై అంకెలతో నేను లెక్క వేశాను. విడివిడి నష్టంలో 1000 కట్టలకు సుమారు 22 బాగుచేయలేనివి. వరుస నష్టంలో సుమారు 60. సగటు మాత్రం రెండింటిలోనూ 4 శాతమే!

కాబట్టి ప్రాజెక్టు రిపోర్టులో సగటు ఒక్కటే రాసి ఊరుకోకండి. నష్టం ఏ తీరున కల్పించారో, వరుసగా ఎన్ని పోయాయో కూడా రాయండి. లేకపోతే ల్యాబులో నెగ్గిన ప్రోగ్రాము సిగ్నల్ వస్తూపోతూ ఉండే ఊళ్ళో ఓడిపోతుంది. అక్కడ దాన్ని వాడేది మనవాళ్ళే.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ లెక్కలకు శాతాలు, హెచ్చవేత వస్తే చాలు. కామర్స్ చదివే పిల్లలనూ ఇంజనీరింగ్ పిల్లల పక్కన కూర్చోబెట్టండి.