ఫ్లాష్ ఆర్డర్ పెట్టేముందు

కార్తీక్‌కు,

ఫ్లాష్ చవగ్గా దొరుకుతోందనీ, రేపోమాపో ఆర్డర్ పెడతాననీ రాశావు. రెండు రోజులు ఆగరా. ముందు నీ కెనాన్ 1500డి తీసి, ఫ్లాష్ తగిలించే హాట్ షూ వెలుతుర్లో పెట్టి చూడు. మామూలు కెనాన్ బాడీల్లో అక్కడ మధ్యలో ఒక పెద్ద గుండ్రటి చుక్క, దాని వెనక చిన్న చుక్కలు ఉంటాయి. నీ దాంట్లో ఆ పెద్ద చుక్క లేదు. 3000డి, 200డి మార్క్ టూల్లోనూ కంపెనీ తీసేసింది. నువ్వు చూసిన గోడాక్స్ టిటి600 కెమెరా మీద ఆ ఒక్క చుక్కతోనే వెలుగుతుంది. కాబట్టి నీ షూలో చక్కగా కూర్చుంటుంది, బిగుస్తుంది, టెస్ట్ బటన్ నొక్కితే వెలుగుతుంది కూడా. ఫోటో తీయబోతే మాత్రం ఉలకదు, పలకదు.

నీకు కావలసింది కెనాన్ ఇ-టిటిఎల్ పనిచేసే ఫ్లాష్. అసలు ఫోటోకు ముందు అది చిన్న మెరుపు మెరుస్తుంది. లెన్స్ గుండా తిరిగొచ్చిన వెలుతురును కెమెరా కొలిచి, ఎంత వెలగాలో చెబుతుంది. నికాన్ పద్ధతి వేరు, సోనీది వేరు. టిటి685 లాంటి మోడళ్లలో పేరు చివర సి ఉంటే కెనాన్‌కి, ఎన్ ఉంటే నికాన్‌కి, ఎస్ ఉంటే సోనీకి. డబ్బా మీద ఆ అక్షరం చూడందే డబ్బు కట్టకు.

మీ నాన్న బీరువాలో ఉన్న ఫిల్మ్ కాలం ఫ్లాష్ జోలికి పోకు. నీ కెమెరా మీద అది ఎలాగూ వెలగదు. స్నేహితుల కెమెరాలకూ తగిలించనివ్వకు. పాత వివిటార్ 283ల్లో కొన్నిటికి ఆ మధ్య చుక్క దగ్గర 200 వోల్టులు దాటి ఉంటుంది. మల్టీమీటర్‌తో కొలవకుండా డిజిటల్ బాడీ మీద పెట్టడం ప్రమాదం.

పవర్ సంగతికొస్తే, డబ్బా మీద గైడ్ నంబర్ 60 అని ఉంటే అది సాధారణంగా 200 ఎం.ఎం. ఫ్లాష్ జూమ్ దగ్గరి లెక్క. 35 ఎం.ఎం. దగ్గర ఎంతో అడుగు. అక్కడ 36 ఉందనుకో, ఐఎస్ఓ 100, ఎఫ్4 పెడితే, 36ని 4తో భాగించి, 9 మీటర్ల దాకా వెలుగు చాలుతుంది. పెళ్లిళ్లకు అది ధారాళం.

నా మటుకు పవర్ కన్నా ఫ్లాష్ తల తిరగడం ముఖ్యం. పైకీ, పక్కలకూ తిరగాలి. కల్యాణ మండపంలో తెల్ల సీలింగ్ ఉంటే ఫ్లాష్ పైకెత్తి కొట్టు. వెలుగు మెత్తగా దిగుతుంది, పెళ్లికూతురి నుదుటి మీద తెల్ల మచ్చ పడదు, వెనక గోడ మీద నల్లటి నీడా ఉండదు. ఎర్ర షామియానా కింద మాత్రం ఆ పని చేయకు, గుడ్డ రంగంతా ముఖాల మీదికి దిగుతుంది. అక్కడ తల నిటారుగా ఉంచినా, వెలుగు ముందుకు మళ్లేలా వెనక తెల్ల కార్డు పెట్టు.

మంచి రీచార్జబుల్ సెల్స్ రెండు సెట్లు కొనుక్కో. తలంబ్రాల వేళ ఫ్లాష్ చార్జయ్యేదాకా ఎవరూ ఆగరు.

షాపుకి బాడీతోనే వెళ్లు. బిల్లు కట్టకముందే అక్కడే తగిలించి పది ఫోటోలు తియ్యి, నేరుగా కొన్ని, పైకెత్తి కొన్ని. పేరు చివర సి ఉన్నా సరే, నీ కెమెరా మీద వెలిగిందాన్నే తెచ్చుకో.

ఇట్లు
మీ మామయ్య