ఇంటిపై బాకీని మార్చుకొనుట: రైతు వేసికొనవలసిన లెక్కలు

పాత బాకీని క్రొత్త బాకీతో తీర్చుట మన రైతులకు తెలియని సంగతి కాదు. ఒకచోట రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్మును మరియొకచోట రూపాయిన్నర వడ్డీకి తెచ్చి తీర్చుట పల్లెలలో చిరకాలముగా నున్న పద్ధతియే. ఇప్పుడీ పని ఇంటిని తనఖా పెట్టి బ్యాంకుల ద్వారా కూడ జరుగుచున్నది. ఇల్లు కట్టుకొనుటకు తీసికొన్న అప్పును తక్కువ వడ్డీ గల వేరొక బ్యాంకునకు మార్చుటయు, ఆ సమయముననే ఇంటి విలువను చూపి మరికొంత సొమ్మును చేత పుచ్చుకొనుటయు ఇందులోని రెండు భాగములు. ఆ అదనపు సొమ్మును టాప్ అప్ అని పిలుచుచున్నారు. ఇది ఎప్పుడు మేలు చేయునో, ఎప్పుడు కీడు చేయునో కంబదూరు ప్రాంతపు సభ్యులు స్వయముగా లెక్క వేసి చూచుకొనుటకు వీలుగా ఈ పాఠమును వ్రాయుచున్నాము.

మొదట ఇంటిలో మనకు గల మిగులు విలువ యెంతో తెలిసికొనవలెను. ఒక ఇల్లు నేడు 8,00,000 రూపాయలు పలుకుననుకొందము. దానిపై బ్యాంకునకు ఇంకను 2,00,000 చెల్లవలసియున్నది. తక్కిన 6,00,000 రూపాయలును యజమానుని మిగులు విలువ. అయితే ఇది పెట్టెలోని రొక్కము వంటిది కాదు. దానిని సొమ్ముగా మార్చుటకు ఇంటిని అమ్మవలెను, లేదా దానిపై మరల అప్పు చేయవలెను. అప్పు చేసినప్పుడు చేతికి వచ్చునది మన ఆస్తియే యని కొందరు సంతోషింతురు. నిజమునకు అది పరుల సొమ్ము. మన ఆస్తి దానికి పూచీ మాత్రమే.

ఈ పద్ధతికి మన సీమలో మంచి పూర్వచరిత్ర యొకటి కలదు. అనంతపురము జిల్లా 1953 వరకు మద్రాసు రాష్ట్రములో చేరియుండెను. ఆ రాష్ట్రములో 1929లో కేంద్ర భూమి తనఖా బ్యాంకు ఏర్పడెను. 1934లో భూమి తనఖా బ్యాంకులకై ప్రత్యేక శాసనము వచ్చెను. అప్పటి రైతులు ఎక్కువ వడ్డీల క్రింద నలిగిపోవుచుండిరి. భూమిని బ్యాంకునకు తనఖా పెట్టించుకొని, షావుకార్ల బాకీలను తీర్పించి, తక్కువ వడ్డీతో దీర్ఘకాలపు కంతులు ఏర్పరచుటయే ఆ బ్యాంకుల ముఖ్యమైన పని. స్వాతంత్ర్యమునకు పూర్వము అవి యిచ్చిన ఋణములలో అధిక భాగము పాత బాకీలు తీర్చుటకే యుపయోగపడెను. ఆ బ్యాంకులు మూడు నియమములను పాటించెడివి: భూమి విలువలో సగమునకు మించి అప్పు ఇయ్యకుండుట, అప్పు ఎందులకో విచారించి, సొమ్ము ఆ పనికే పోవునట్లు చూచుట, పంట వచ్చు కాలమును బట్టి సంవత్సర కంతులను నిర్ణయించుట. నేడు ఇంటిపై బాకీని మార్చదలచిన రైతునకు ఎవరును ఈ నియమములను పెట్టరు. కనుక తనకు తానే పెట్టుకొనవలెను.

ఇక లెక్కకు వత్తము. ఈ క్రింది వడ్డీ రేట్లు పాఠము కొరకు వేసినవే గాని ఏ బ్యాంకువియు కావు.

2,00,000 రూపాయల బాకీ, నూటికి సంవత్సరమునకు 12 వడ్డీ, ఇంకను 5 సంవత్సరముల గడువు ఉన్నదనుకొందము. నెల కంతు సుమారు 4,449 రూపాయలు. గడువు ముగియునప్పటికి చెల్లించునది సుమారు 2,66,900. దీనిని 9 వడ్డీకి మార్చి, గడువును అట్లే 5 సంవత్సరములుగా ఉంచినచో నెల కంతు 4,152 అగును. మొత్తము సుమారు 2,49,100. అనగా 17,800 రూపాయలు మిగులును. మార్పునకగు ఖర్చులు పోగా మిగిలినది నిజమైన లాభము.

అదే బాకీని అదే 9 వడ్డీకి మార్చి, గడువును 15 సంవత్సరములకు పొడిగించినచో ఏమగును? నెల కంతు 2,029 రూపాయలకు దిగును. సగమునకు సగము తగ్గినదని ఇంటిల్లిపాదియు సంతోషింతురు. కాని మొత్తముగా చెల్లించునది సుమారు 3,65,100. వడ్డీ రేటు తగ్గినను, పాత అప్పునే కొనసాగించిన దానికంటె 98,200 రూపాయలు ఎక్కువ చెల్లించినట్లయినది. కంతు తగ్గుట వేరు, భారము తగ్గుట వేరు.

ఇప్పుడు ఆ 2,00,000 బాకీకి మరియొక లక్ష టాప్ అప్ చేర్చి, 3,00,000 రూపాయలను 9 వడ్డీకి 15 సంవత్సరముల గడువుతో తీసికొందము. నెల కంతు సుమారు 3,043. ఇది మొదటి కంతు 4,449 కంటె తక్కువ. పైగా చేతిలో లక్ష రూపాయల రొక్కము! చూచుటకు ఇంద్రజాలమువలె నున్నది. అయితే 15 సంవత్సరములలో చెల్లించునది సుమారు 5,47,700. పాత అప్పుతో 2,66,900కు ముగిసెడి లెక్క ఇంత దూరము వచ్చినది. చేతికి వచ్చిన ఒక లక్షకు అదనముగా కట్టినది సుమారు 2,80,800 రూపాయలు. రైతు నలువది ఏండ్ల వయస్సున ఈ పత్రముపై సంతకము చేసినచో, ఏబదియైదవ ఏటి వరకు కంతులు కట్టుచునే యుండవలెను.

ఇంతమాత్రమున ఇంటిపై అప్పు ఎల్లప్పుడును చెడ్డదని మేము చెప్పుట లేదు. రెండు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు తెచ్చిన రైతును చూడుడు. అతడు సంవత్సరమునకు 24,000 రూపాయలు వడ్డీయే కట్టుచుండును. అయిదేండ్లలో 1,20,000 కట్టిన పిదప కూడ అసలు లక్షయు అట్లే నిలిచియుండును. ఆ లక్షను 9 వడ్డీకి 5 సంవత్సరముల కంతులపై మార్చినచో సంవత్సరమునకు సుమారు 24,900 కట్టవలెను. అయిదవ యేటి చివర అసలును వడ్డీయు పూర్తిగా తీరిపోవును. దాదాపు అదే సొమ్ము. ఒకచోట అప్పు నిలిచియుండును, మరియొకచోట రైతు ఋణవిముక్తుడగును. బాకీ మార్పు మేలు చేయు సందర్భమిది. అయితే బాకీ తీర్చిన దినముననే ప్రోనోటును తిరిగి తీసికొని, చెల్లు వ్రాయించుకొనవలెను. సొమ్ము ఇంటికి వచ్చి వేరు ఖర్చులకు కరిగిపోయినచో రెండు బాకీలును నెత్తిపై నుండును.

లెక్క చక్కగా కుదిరినను, మన ప్రాంతమునకు ప్రత్యేకముగా ఒక చిక్కు కలదు. అనంతపురము జిల్లాలో సగటు వర్షము సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు కాలమునకు కురియునను నమ్మకము లేదు. కంబదూరు మెట్టలలో ఖరీఫునందు వేరుసెనగ విత్తి, కోసి, అమ్మిన పిదప గాని చేతికి సొమ్ము రాదు. ఇంటి అప్పు కంతు మాత్రము నెలనెలయు వచ్చుచుండును. కంతు 90 దినములు దాటి నిలిచిపోయినచో బ్యాంకు ఆ ఖాతాను మొండి బాకీల వరుసలో చేర్చును. పంట ఋణమునకు ఈ నియమము వేరు: స్వల్పకాలపు పంటలకు రెండు పంట కాలముల వరకు వ్యవధి కలదు. కరువు ప్రకటింపబడినప్పుడు పంట ఋణముల గడువు పొడిగించు ఏర్పాటును కలదు. 2008లో కేంద్ర ప్రభుత్వము చేసిన ఋణమాఫీ వ్యవసాయ ఋణములకే గాని గృహ ఋణములకు వర్తింపలేదు. కాబట్టి సేద్యపు అప్పును ఇంటి అప్పులోనికి మార్చినవాడు తక్కువ వడ్డీ కొరకు ఈ వెసులుబాట్లను వదలుకొనుచున్నాడని గ్రహింపవలెను.

ఇంతకంటె ముఖ్యమైనది ఇంటి రక్షణ. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారము, వ్యవసాయదారుడు తాను నివసించుచున్న ఇల్లు సాధారణ డిక్రీ క్రింద జప్తునకు లోను కాదు. ప్రోనోటుపై అప్పిచ్చిన వాడు కోర్టులో గెలిచినను ఆ ఇంటి జోలికి పోజాలడు. కాని ఆ ఇంటినే తనఖా వ్రాసి యిచ్చినచో, ఆ తనఖా బాకీ విషయమున ఈ రక్షణ పనికి రాదు. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టము వలన, బాకీ లక్ష రూపాయలు మించి మొండి బాకీ అయినప్పుడు, బ్యాంకు 60 దినముల నోటీసు ఇచ్చి, కోర్టులో దావా వేయకయే ఇంటిని స్వాధీనపరచుకొని అమ్మవచ్చును. ఆ చట్టము సహకార బ్యాంకులకును వర్తించునని సుప్రీంకోర్టు 2020 మే 5వ తేదీన తీర్పు చెప్పెను. వ్యవసాయ భూమిపై గల తనఖాకు మాత్రము ఆ చట్టము వర్తింపదు; అట్టి బాకీని వేరు మార్గములలో వసూలు చేసికొనవలెను. వానలు తప్పిన యేట పొలము బీడు పడినను తల దాచుకొనుటకు ఇల్లుండును. ఆ ఇల్లే పూచీగా నున్నచో రైతు దేనిని నమ్ముకొనవలెను?

అందుచేత టాప్ అప్ సొమ్మును ఏ పనికి వాడుదుమో ముందే తేల్చుకొనవలెను. ఇంటి కప్పు బాగు చేయుట, అధిక వడ్డీ బాకీని నిలువునా తీర్చుట, నమ్మకమైన రాబడి ఇప్పటికే గల పనిని పెంచుకొనుట తగిన పనులు. పెండ్లి ఖర్చు తగినది కాదు. విందు ఒక దినమున ముగియును, కంతు పదునైదేండ్లు నడచును. బోరు వేయుటకు ఇంటిని తనఖా పెట్టుట మన సీమలో మిక్కిలి ప్రమాదకరము. నీరు పడకపోయినను బాకీ పడియే యుండును. ఒక బోరు ఎండిన పిదప ఆ నష్టమును పూడ్చుకొందమని రెండవదానికి, మూడవదానికి అప్పు చేయుట మరింత ప్రమాదము. బోరు తప్పనిసరియైనచో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రింద అనుమతి పొంది, భూగర్భ జలమును తెలిసిన వారిచే పరీక్ష చేయించి, పంట రాబడిని బట్టి కంతులు గల వ్యవసాయ ఋణమునకే యత్నింపవలెను.

బాకీ మార్చుటకే నిశ్చయించుకొన్న సభ్యుడు ఈ వరుసను పాటించునది.

మొదట, అప్పున్న బ్యాంకునే వడ్డీ తగ్గింపుమని వ్రాతమూలముగా అడుగవలెను. తగ్గించినచో వేరొక చోటికి పోవు శ్రమయు ఖర్చును తప్పును.

రెండవది, మార్పు ఖర్చులన్నియు ఒక కాగితముపై వ్రాసికొనవలెను: దరఖాస్తు రుసుము, వకీలు అభిప్రాయము, ఇంటి విలువ కట్టుట, స్టాంపు, రిజిస్ట్రేషను. మారెడి రేటు గల గృహ ఋణమును వ్యక్తులు ముందుగా తీర్చినచో జరిమానా వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012లో బ్యాంకులను ఆదేశించెను. స్థిర రేటు అప్పు అయినచో పత్రములోని షరతు చూడవలెను.

మూడవది, 2024 అక్టోబరు 1 నుండి మంజూరగు క్రొత్త వ్యక్తిగత ఋణములకు ముఖ్య వివరముల పత్రమును ఋణగ్రహీతకు తెలిసిన భాషలో ఇయ్యవలెను. దానిని తెలుగులో అడిగి తీసికొని, ఖర్చులతో కలిసిన వార్షిక రేటును, మొత్తము చెల్లింపును చూడుడు. నెల కంతును మాత్రమే చూచి సంతకము చేయరాదు.

నాలుగవది, ఇంటి హక్కు పత్రములు సరిగా నుండవలెను. గ్రామకంఠములోని పెక్కు ఇండ్లకు దస్తావేజులు లేవు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన స్వామిత్వ పథకము అట్టి ఇండ్లకు హక్కు పత్రము నిచ్చుటకే యేర్పడినది. పత్రము వచ్చినంత మాత్రమున అప్పు చేయవలెనను నియమము లేదు.

అయిదవది, పాత బ్యాంకు బాకీ తీరిన 30 దినములలో అసలు దస్తావేజులను తిరిగి యియ్యవలెను. 2023 డిసెంబరు 1 నుండి, బ్యాంకు తప్పు వలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయల చొప్పున పరిహారము చెల్లించవలెనని రిజర్వు బ్యాంకు నిబంధన. క్రొత్త బ్యాంకునకు పత్రములు నేరుగా పోయినచో దానికి రసీదు పొందవలెను.

చివరిది, ఇంటి యజమానుడొక్కడే నిర్ణయింపరాదు. భార్యయు, ఎదిగిన బిడ్డలును లెక్క నంతయు విని ఒప్పుకొనవలెను. ఆ కప్పు క్రింద నివసించువారు అందరును గదా.

వడ్డీ తగ్గవలెను, గడువు పెరుగరాదు, అదనపు సొమ్ము తన్ను తాను తీర్చుకొను పనికి పోవలెను. ఈ మూడును కుదిరినచో బాకీ మార్పు మేలు. ఒక్కటి తప్పినను ఆగి మరల ఆలోచింపవలెను. సభ్యులు సంతకమునకు ముందు తమ పత్రములను సంఘ సమావేశమునకు తెచ్చి, చదువు వచ్చిన వారిచే చదివించుకొని, పై లెక్కను వేయించుకొందురు గాక. పాత బాకీ పేరు మారినంత మాత్రమున తీరినట్లు కాదు; ఆఖరు కంతు చెల్లి దస్తావేజు ఇంటికి వచ్చిన దినముననే అది తీరును.