తాళపుచెవిగా మారిన ఫోను – ఒక పరిశీలన

తాళమును తెరచు సాధనాన్ని మనము తెలుగులో తాళపుచెవి అంటాము. మన కళాశాలలోని ఉర్దూ మిత్రులు దానినే చాబీ అంటారు. ఈ చాబీ అనే మాట పోర్చుగీసు భాష నుండి వచ్చి మన దేశపు భాషలలో స్థిరపడినది. పేరు ఏదైనను వస్తువు ఒక్కటే. జేబులో ఉన్నంతకాలం దానిని ఎవరూ తలచరు. పోయిననాడు ఇల్లంతా వెదకుతారు. నేడు కొన్ని కార్ల విషయంలో ఆ ఇనుప వస్తువు స్థానాన్ని చేతిలోని స్మార్ట్‌ఫోన్ ఆక్రమించుచున్నది. ఈ మార్పు ఎట్లు సంభవించినది, ఈ నూతన తాళపుచెవి ఏ సూత్రముపై పనిచేస్తుంది, దానిని ఎట్లు అమర్చుకొనవలెను, అది మొరాయించినప్పుడు ఏమి చేయవలెను అను అంశాలను ఈ వ్యాసంలో పరిశీలింప దలచినాము.

ఈ విషయంపై మాకు ఆసక్తి కలిగినది పుస్తక పఠనం వలన కాదు, ఒక రాత్రి ఎదురైన అనుభవం వలన. గత వేసవిలో మా మేనమామగారి కారులో ఒక పెండ్లికి వెళ్ళి తిరిగి వచ్చుచు, రాత్రి భోజనానికి దారిలో ఒక హోటలు వద్ద ఆగినాము. ఆ కారుకు మామయ్యగారి ఫోనే తాళపుచెవి. పగలంతా దారి చూపి, ఫొటోలు తీసి అలసిన ఆ ఫోను మేము హోటలులో కూర్చున్న కొద్దిసేపటికే ఆరిపోయినది. అప్పుడు అమ్మమ్మగారికి తన ఇన్సులిన్ పెట్టె కారులోనే ఉండిపోయినదని జ్ఞాపకం వచ్చినది. భోజనానికి ముందు ఆ మందు తీసుకొననిదే ఆమె ముద్ద ముట్టరు. కారుతోపాటు ఇచ్చిన కార్డు ఇంట్లో బీరువాలో భద్రంగా ఉన్నది! హోటలువారి ఛార్జరుతో ఫోను మరల వెలిగినది గాని, తలుపు మాత్రం తెరచుకొనలేదు. ఫోనును తలుపునకు ఆనించినాము, కారు చుట్టూ తిరిగినాము, తిట్టుకొన్నాము. గంటన్నర గడచిన పిమ్మట బల్లలు తుడుచు కుర్రవాడు వచ్చి ఫోను చూచి, "బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంది సార్, అది తీసేసి ఆ యాప్ ఒకసారి తెరవండి" అన్నాడు. అట్లే చేయగా క్షణంలో తలుపు తెరచుకొన్నది. దోషం కారుది కాదు, ఫోనుది కాదు, మా తెలియనితనానిది. అట్టి ఇబ్బంది మరొకరికి కలుగరాదన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

తాళపుచెవి నడచివచ్చిన దారి

తొలినాటి కార్లను కదిలించుటకు ముందు భాగంలో ఒక ఇనుప కమ్మీని బిగించి చేతితో త్రిప్పవలసి వచ్చేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లలో ప్రవేశించినది. తాళపుచెవిని త్రిప్పినంతనే ఇంజను మొదలగు పద్ధతిని 1949లో క్రైస్లర్ సంస్థ ప్రవేశపెట్టినది. ఫ్రాన్సు దేశపు రెనో సంస్థ 1982లో ఫ్యూగో కారుకు దూరం నుండి మీట నొక్కి తలుపులు తెరచు సౌకర్యం కల్పించినది. తాళపుచెవి జేబులో ఉండగానే తలుపు తెరచుకొను ఏర్పాటు 1990ల చివరలో మెర్సిడిస్ బెంజ్ కార్లలో వచ్చినది.

2017లో విడుదలైన టెస్లా మోడల్ 3 కారు మరొక అడుగు ముందుకు వేసినది. ఫోనే దానికి ముఖ్యమైన తాళపుచెవి. తోడుగా ఒక పలుచని కార్డు. అయితే ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క పద్ధతిని అనుసరించినచో వాడుకరికి చిక్కు తప్పదు. అందువలన కార్ల సంస్థలు, ఫోన్ల సంస్థలు కలిసిన కార్ కనెక్టివిటీ కన్సార్టియం 2018లో డిజిటల్ కీ అను ఉమ్మడి ప్రమాణాన్ని ప్రకటించి, 2020లోను, 2021లోను దానిని విస్తరించినది. 2020లోనే ఆపిల్ సంస్థ ఐఫోనులో ఈ సౌకర్యం కల్పించగా, మొదట దానిని స్వీకరించినది బి.ఎం.డబ్ల్యు. సంస్థ. మన దేశంలో 2024లో నవీకరించిన హ్యుందాయ్ అల్కజార్, 2025లో వచ్చిన క్రెటా ఎలక్ట్రిక్ కార్లలో డిజిటల్ కీ లభించుటతో ఇది మధ్యతరగతి ఇండ్ల ముంగిటికి కూడ చేరుచున్నది.

పనిచేయు విధానం

గోలకొండ కోటలో ఫతే దర్వాజా వద్ద చప్పట్లు కొట్టినచో సుమారు ఒక కిలోమీటరు దూరాన కొండపై గల బాలా హిస్సారులో వినబడుననుట మనందరికీ తెలిసినదే. పైనున్న కావలివానికి ఎవరో వచ్చినారని ఆ చప్పుడు తెలియజేస్తుంది. వచ్చినవాడు మిత్రుడో శత్రువో మాత్రం చెప్పదు. అది తెలియవలెనన్నచో ప్రశ్న అడిగి సమాధానం రాబట్టవలెను.

డిజిటల్ తాళపుచెవిలో జరుగునది ఇదే. కారు ప్రతిసారి ఒక క్రొత్త సంఖ్యను ప్రశ్నగా పంపుతుంది. ఫోను తనలోని రహస్య సంకేతంతో ఆ సంఖ్యపై సంతకం వంటి సమాధానాన్ని తయారుచేసి తిరిగి పంపుతుంది. ఆ రహస్యం మాత్రం ఫోనులోని భద్రమైన చిప్పును దాటి ఎన్నడూ వెలుపలికి రాదు. ప్రశ్న ప్రతిసారి మారుటచే నిన్నటి సమాధానాన్ని దొంగ వినియున్నను నేడు అది పనికిరాదు. తాళపుచెవి అను పదంలోని చెవికి నిజమైన అర్థం ఇప్పుడు వచ్చినదని మాకు అనిపించినది. కారు ఇప్పుడు నిజంగానే వింటున్నది.

ఈ ప్రశ్నోత్తరాలు మూడు మార్గాలలో సాగుతాయి.

మొదటిది ఎన్.ఎఫ్.సి. ఇది 13.56 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే పనిచేస్తుంది. మెట్రో రైలు ద్వారం వద్ద కార్డు తాకించు పద్ధతి వంటిదే ఇది. ఫోనును తలుపు పిడికి తాకించవలెను. బండి నడుపుటకు లోపల నిర్ణీత స్థలంలో ఉంచవలెను.

రెండవది బ్లూటూత్. ఇది 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో కొన్ని మీటర్ల వరకు పనిచేస్తుంది. ఫోను జేబులోనే ఉండవచ్చును. తరంగపు బలాన్నిబట్టి ఫోను ఎంత దగ్గరలో ఉన్నదో కారు అంచనా వేస్తుంది.

మూడవది అల్ట్రా వైడ్ బ్యాండ్. ఇది బలాన్ని కాక కాలాన్ని కొలుస్తుంది. రేడియో తరంగం ఒక సెకనులో నూరుకోట్లవ వంతు కాలంలో సుమారు 30 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. ప్రశ్న వెళ్ళి సమాధానం వచ్చుటకు పట్టిన కాలాన్నిబట్టి దూరం ఖచ్చితంగా తేలుతుంది.

బలానికి, కాలానికి గల ఈ భేదం చాల ముఖ్యమైనది. ఇద్దరు దొంగలలో ఒకడు ఇంటి తలుపు వద్ద, మరొకడు కారు వద్ద నిలిచి, లోపలి తాళపుచెవి తరంగాలను తమ యంత్రాలతో అందుకొని కారుకు చేరవేయవచ్చును. యజమాని పక్కనే ఉన్నాడని కారు భ్రమపడి తలుపు తెరుస్తుంది. జ్యూరిక్ నగరపు శాస్త్రజ్ఞులు 8 సంస్థలకు చెందిన 10 రకాల కార్లపై ఈ విధానం సాధ్యమని 2011లో నిరూపించినారు. బ్లూటూత్ ఫోను తాళపుచెవిని కూడ ఈ రీతిగానే మోసగించవచ్చునని 2022లో ఎన్.సి.సి. గ్రూప్ పరిశోధకులు టెస్లా మోడల్ 3పై చూపినారు. చప్పుడును యంత్రంతో పెద్దది చేయవచ్చును. గడచిన కాలాన్ని తగ్గించుట సాధ్యం కాదు. కావున మూడవ మార్గం ఈ దొంగతనానికి గట్టి అడ్డు. బ్లూటూత్ మాత్రమే గల కారులో, బండి నడుపుటకు ముందు రహస్య సంఖ్య అడుగు ఏర్పాటు ఉన్నచో దానిని తప్పక ఎంచుకొనవలెను.

అమర్చుకొను విధానం

కార్లను బట్టి వివరాలు మారినను క్రమం ఇంచుమించు ఒక్కటే. మొదట కారు, ఫోను రెండునూ ఈ సౌకర్యానికి తగినవేనా అని సంస్థవారి పట్టికలో చూచుకొనవలెను. ఒకే పేరుగల కారులో కూడ అన్ని రకాలకు ఈ సౌకర్యం ఉండదు. పిమ్మట సంస్థవారి యాప్‌లో యజమాని పేరున ఖాతా తెరచి కారును నమోదు చేయవలెను. మొదటిసారి జత కలుపునప్పుడు ఇంటర్నెట్ బాగుగా అందు చోట, కారు నిలిపి, కారుతో ఇచ్చిన అసలు తాళపుచెవులను లేదా కార్డును దగ్గర ఉంచుకొనవలెను. కారు తెరపై డిజిటల్ కీ అను విభాగంలో సూచనలను అనుసరించి, ఫోనును చూపిన స్థలంలో ఉంచి, పని పూర్తియైనదని తెలుపు వరకు కదల్చరాదు.

ఇక్కడితో పని ముగిసినదని చాలామంది భావిస్తారు. వాస్తవానికి పరీక్ష అప్పుడే మొదలు. తలుపులన్నియు మూసి, అసలు తాళపుచెవిని కొంతదూరంలో మరొకరి చేతికిచ్చి, ఫోనుతో తెరచుట, నడుపుట, తాళం వేయుట మూడునూ చేసి చూడవలెను. ఇంటర్నెట్ ఆపి మరల చూడవలెను. ఇంటి ముందర చేసిన ఈ పది నిమిషాల పరీక్ష అర్ధరాత్రి రహదారిపై గంటల కష్టాన్ని తప్పిస్తుంది.

చిక్కులు, పరిష్కారాలు

ఫోను దగ్గరనే ఉన్నను తలుపు తెరచుకొననిచో మొదట బ్లూటూత్ ఆన్‌లో ఉన్నదా, బ్యాటరీ సేవర్ పనిచేయుచున్నదా అని చూడవలెను. బ్యాటరీ పొదుపునకై ఫోను వెనుకనున్న యాప్‌లను నిద్రపుచ్చుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ యాప్‌కు బ్యాటరీ పరిమితి లేకుండ సెట్టింగులలో ముందే మార్చుకొనుట మేలు. స్థానము, సమీప పరికరములు అను అనుమతులు కూడ ఇచ్చి ఉండవలెను.

తాకించినను ఫలితం లేనిచో ఫోను తొడుగును తీసి చూడవలెను. లోహపు పలక, అయస్కాంతపు ఉంగరం, తొడుగులో దాచిన బ్యాంకు కార్డు ఎన్.ఎఫ్.సి.కి అడ్డు వస్తాయి. ఐఫోనులో ఈ తీగచుట్ట పై అంచు వద్ద ఉంటుంది. ఇతర ఫోన్లలో సాధారణంగా వీపున ఉంటుంది. ఆ భాగాన్నే పిడికి ఆనించవలెను.

ఒక్కొక్కప్పుడు తెరచుకొని, ఒక్కొక్కప్పుడు మొరాయించినచో ఫోను ఉంచిన చోటును గమనించవలెను. మన శరీరంలోని నీరు బ్లూటూత్ తరంగాలను పీల్చుకొంటుంది. వెనుక జేబులోని ఫోనును చేతిలోనికి తీసుకొన్నంతనే చిక్కు తీరవచ్చును. అప్పటికీ తీరనిచో ఫోనును ఆపి మరల వెలిగించవలెను. చివరి ఉపాయంగా పాత జతను కారులోను, ఫోనులోను రెండు చోట్లను తొలగించి క్రొత్తగా కలుపవలెను. ఒకచోట తొలగించి మరొకచోట వదలినచో చిక్కు అట్లే మిగులుతుంది.

ఇంటర్నెట్ లేనిచో ఏమగును అని పలువురు అడుగుతారు. దగ్గర నుండి జరుగు ప్రశ్నోత్తరాలకు ఇంటర్నెట్ అక్కరలేదు. దూరపు ఊరి నుండి యాప్ ద్వారా తలుపు తెరచుటకు మాత్రం ఫోనుకు, కారుకు రెండింటికీ అది అవసరం. 2021 నవంబరులో టెస్లా సర్వర్లు కొన్ని గంటలు పనిచేయనప్పుడు కేవలం యాప్‌నే నమ్ముకొన్న పలువురు యజమానులు కారు బయటనే నిలువవలసి వచ్చినది.

ఫోను పూర్తిగా ఆరిపోయినప్పుడు కొన్ని ఐఫోన్లలో ఎన్.ఎఫ్.సి. తాళపుచెవి 5 గంటల వరకు పనిచేయగలదు. బ్లూటూత్ మార్గానికి ఆ సౌకర్యం లేదు. ఇక కారులోని 12 వోల్టుల బ్యాటరీయే నీరసించినచో ఫోను ఎంత మంచిదైనను తలుపు పలుకదు. అప్పుడు అసలు తాళపుచెవిలో దాగియున్న ఇనుప చెవియే శరణ్యం. అది లేని కార్లకు బయటి నుండి విద్యుత్తు అందించు విధానం సూచనల పుస్తకంలో ఉంటుంది. కావున కార్డునో అసలు తాళపుచెవినో ప్రయాణంలో వెంట తీసుకొనిపోవలెను. కారులో మాత్రం వదలరాదు.

ఇది ఒక అమానతు

ఇనుప తాళపుచెవిని ఒకరికి ఇచ్చినప్పుడు మన చేయి ఖాళీ అవుతుంది. ఇచ్చిన సంగతి గుర్తుంటుంది. డిజిటల్ తాళపుచెవిని పంచినప్పుడు మన వద్ద లోటు కనబడదు. అందుచేతనే ఎవరికి ఇచ్చినామో మరచిపోతాము. తమ్మునికి, స్నేహితునికి, డ్రైవరుకు ఇచ్చిన తాళపుచెవుల పట్టిక కారు తెరపైననో యాప్‌లోనో ఉంటుంది. పని ముగిసినంతనే తొలగించుట, నెలకొకసారి ఆ పట్టికను చూచుట అలవాటు చేసుకొనవలెను. కారును నిలుపు మనిషికి ఇవ్వదగినది కార్డు గాని, మన ఉత్తరాలు, బ్యాంకు ఖాతాలు గల ఫోను కాదు. ఫోను పోయినచో మరొక ఫోను నుండి వెంటనే దానికి తాళం వేసి, కారు ఖాతా నుండి ఆ తాళపుచెవిని తొలగించవలెను. ఫోను మార్చినప్పుడు తాళపుచెవి దానంతట అది వస్తుందని తలచక, క్రొత్త ఫోనుతో పరీక్షించిన తరువాతనే పాతది వదలవలెను.

పాత కారు కొనువారికి ఈ మాట మరింత ముఖ్యం. అమ్మినవారి ఫోనులో తాళపుచెవి మిగిలియున్నచో, డబ్బు చెల్లించినను కారు పూర్తిగా మనది కానట్లే. కాగితాలతోపాటు కారు తెరపై తాళపుచెవుల పట్టికను కూడ చూచి, పాతవన్నియు తుడిచివేయించి, ఖాతాను మార్పించుకొనవలెను. మన ఉభయ భాషలలోను అమానతు అను మాట ఉన్నది. ఒకరు నమ్మి అప్పగించినదానిని తిరిగి ఇచ్చివేయుట అందులోని ధర్మం. అమ్మినవారు పాత తాళపుచెవిని తొలగించుట కూడ అట్టిదే.

ఆ రాత్రి మాకు దారి చూపిన కుర్రవాడు ఏ కళాశాలలోను చదువలేదు. తన ఫోనును తాను శ్రద్ధగా చూచుకొన్నాడు, అంతే. మన పట్టణంలోని మెకానిక్ షెడ్లలో, డ్రైవరు వృత్తిలో ఉన్న యువకులకు ఈ జ్ఞానం రేపటి జీవనోపాధి. భౌతికశాస్త్ర విభాగం వారి సహకారంతో ఈ అంశంపై ఒకరోజు ప్రదర్శన తరగతిని తెలుగు, ఉర్దూ రెండు భాషలలోను ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీవారిని వినయపూర్వకంగా కోరుచున్నాము. విద్యార్థి మిత్రులకు మా మనవి ఒక్కటే. ఈ వ్యాసం చదివిన పిమ్మట, ఇంట్లో అట్టి కారు ఉన్నచో, బీరువాలోని కార్డును ఈ రోజే బయటికి తీసి పెద్దల పర్సులో ఉంచండి.