మరుగుపడిన నాదము

శిల్పము శిలయందు నిలుచును. చిత్రము వెలసిపోయినను గోడపై కొంత మిగులును. గానమునకు అట్టి ఆశ్రయము లేదు. పాడినవాని కంఠముతోడనే, వినినవాని చెవితోడనే అది లయించును. అట్లు వేల సంవత్సరముల క్రిందట లయించిన గానమును మరల వినవలెనను కోరిక ఆధునిక విద్వాంసులను చాల కాలముగా వెంటాడుచున్నది. వారి ప్రయత్నములందు సత్యమెంత, కల్పన యెంత అని విచారించుట జిజ్ఞాసువులకు ఉపయుక్తము. ఏలయన, ఇది సంగీతమునకు మాత్రమే చెందిన విషయము కాదు. గతించినదానిని మనము ఏ ప్రమాణముచే తెలిసికొనగలము అనునదియే ఇందలి అసలు ప్రశ్న.

మొదట వాద్యముల సంగతి చూతము. ఇరాకు దేశమందలి ఊర్ నగరమున లియొనార్డ్ వూలీ 1922 మొదలు 1934 వరకు త్రవ్వకములు జరిపెను. సుమారు 4500 సంవత్సరముల నాటి రాజసమాధులు అచ్చట బయల్పడినవి. వానియందు వృషభశిరస్సులతో అలంకృతమైన తంత్రీవాద్యములు కొన్ని యుండెను. కొయ్య యంతయు క్రుళ్ళి మన్నైపోయినది. బంగారము, రాజావర్తమణులు, ఆలిచిప్పల పొదుగుడు మాత్రము మిగిలినవి. కొయ్య క్రుళ్ళిన చోట మట్టిలో నేర్పడిన బోలులో వూలీ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయించి, అది గట్టిపడిన పిదప చుట్టునున్న మట్టిని తొలగించి, వాద్యముల ఆకారమును రాబట్టెను. అభావము కూడ ఒక విధమైన జ్ఞానమునకు హేతువగునని మన శాస్త్రకారులు చెప్పుట ఇచ్చట గుర్తునకు వచ్చును. అయితే ఆకారము దొరికినంత మాత్రమున నాదము దొరకదు. తంత్రుల లావెంత, బిగువెంత, వానిని మీటిన వ్రేళ్ళ నేర్పెట్టిది అనునవి ఆ బోలులో లేవు.

ఈ లోపమును మరచిన చోట పొరపాటు సులభముగా ప్రవేశించును. ఈజిప్టు రాజు తుతన్‌ఖామున్ సమాధి 1922 లో బయల్పడగా, అందు వెండి బాకా యొకటి, కంచు బాకా యొకటి లభించినవి. 1939 లో వానిని ఊదించి బి.బి.సి. వారు ప్రసారము చేసిరి. ధ్వని గంభీరముగనే యున్నది. కాని ఊదినవాడు వానికి తన కాలపు నోటిముక్కను అమర్చుకొని యుండెను. నోటిముక్క మారినచో పలుకు స్వరములును మారును. కావున ఆ నాడు వినబడినదానిలో మూడువేల యేండ్లకు పైబడిన లోహ మెంత, ఇరువదవ శతాబ్దపు ఊపిరి యెంత అని విడదీయుట కష్టము.

వాద్యము మాత్రమే కాక లిపియు దొరికిన సందర్భము మరింత విచారణీయము. సిరియా తీరమున రాస్ షమ్రా అనుచోట ప్రాచీన ఉగారిత్ నగరపు శిథిలములు కలవు. అచ్చటి మట్టిపలకలలో నొకదానిపై సుమారు క్రీ. పూ. 1400 నాటి స్తోత్ర మొకటి వ్రాయబడి యున్నది. చంద్రదేవుని పత్నియగు నిక్కల్ అను దేవిని గూర్చిన స్తోత్రమది. పలక పైభాగమున హుర్రియన్ భాషలో సాహిత్యము, నడుమ జంటగీత, క్రిందిభాగమున కొన్ని పదములు, ఆ పదముల ప్రక్కను అంకెలు. ఇమాన్యుయేల్ లరోష్ దీనిని 1968 లో ప్రకటించెను. క్రిందనున్న పదములు బాబిలోనియా సంగీతమందు తంత్రుల జంటలకు గల పేర్లని ఇతర పలకల వలన తెలిసినది.

ఇంతవరకు వివాదము లేదు. జంటను ఎట్లు వాయింపవలెను? బర్క్‌లీ విశ్వవిద్యాలయమందలి ఆన్ కిల్మర్ అను విదుషి రెండు తంత్రులను ఒక్కసారిగా మీటవలెనని నిర్ణయించి, తన పాఠమును ప్రకటించెను. 1974 లో ఆమె సహాధ్యాపకుడు రిచర్డ్ క్రాకర్ పురాతన నమూనాను బట్టి చేయించిన వాద్యముపై దానిని వినిపించెను. జంట యనగా ఒక తంత్రి నుండి వేరొక తంత్రికి సాగు స్వరగతియని, స్వరములు ఒకదాని వెనుక నొకటి రావలెనని మరికొందరి మతము. అంకెల అర్థమును గూర్చియు ఏకాభిప్రాయము లేదు. ఒకే పలక, కాని దానిని చదివి పాడిన పాటలు ఒకదానితో నొకటి పోలవు.

ఇంతకన్న ఆశ్చర్యకరమైన విషయ మింకొకటి కలదు. తంత్రులను శ్రుతిచేయు విధమును తెలుపు ఊర్ పలకను ఓ. ఆర్. గర్నీ అను పండితుడు 1968 లో ప్రకటించెను. దానిని బట్టి బాబిలోనియా స్వరశ్రేణులు ఆరోహణక్రమమున నున్నవని పలువురు గ్రహించిరి. పిదప ఆ పలకయందలి శిథిలమైన యొక మాటకు క్రొత్త పాఠ మేర్పడగా, 1994 లో గర్నీయే తన పూర్వనిర్ణయమును త్రోసివేసి, క్రమమును తలక్రిందులు చేసెను. ఒక్క మాట మారుటచే ఎక్కవలసిన స్వరములు దిగవలసి వచ్చినవి! తన సిద్ధాంతమును తానే ఖండించుకొనగలిగిన ఆ పండితుని సత్యనిష్ఠ కొనియాడదగినది.

గ్రీకుల స్వరలిపి మాత్రము చాలవరకు నిశ్చితము. అలీపియస్ అను పూర్వ లాక్షణికుని పట్టికలు దానికి తాళపుచెవి వలె ఉపకరించినవి. 1893 లో డెల్ఫీ క్షేత్రమున అపోలో దేవుని స్తోత్రము స్వరలిపితో సహా శిలపై లభించినది. మరుసటి యేడు ఫ్రెంచి వాగ్గేయకారుడు గాబ్రియేల్ ఫోరే దానికి తన కాలపు ఐరోపా సహస్వరములను జతచేసెను. శిలపై ఆ సహస్వరములు లేవు. వేదాంత పరిభాషలో దీనిని అధ్యారోప మనవచ్చును. 2017 లో ఆక్స్‌ఫర్డునందు ఆర్మండ్ డాంగూర్ మొదలగువారు పురాతన జంటవేణువుల ప్రతికృతులతో, అట్టి చేర్పు లేకుండ, గ్రీకు గీతములను పాడించిరి. ఇది నిస్సందేహముగ మెరుగైన మార్గము.

మన ప్రాంతమున ఇట్టి కార్యమునకు పూనుకొన్నవారిలో శ్రీరామకృష్ణసంఘ సన్న్యాసియగు స్వామి విపులానందులు ముఖ్యులు. వారు 1892 లో సింహళ ద్వీపపు తూర్పుతీరమున కారైతీవు గ్రామమున జన్మించిరి. లండను విశ్వవిద్యాలయపు విజ్ఞానశాస్త్ర పట్టభద్రులై, అధ్యాపకులుగ పనిచేసి, 1924 లో సన్న్యాసము స్వీకరించిరి. తమిళుల ప్రాచీన వాద్యమగు యాళ్ అప్పటికి ఎన్నడో నశించినది. శిలప్పదికారమను కావ్యమున నాట్యరంగ ప్రవేశమును వర్ణించు ఘట్టమందలి కొలది పంక్తులు, దానిపై అడియార్కునల్లారు వ్యాఖ్య, శిల్పములు, నేటికిని దేవాలయములందు పాడబడు తేవారములు: వారి ఆధారములు ఇవి. వ్యాఖ్యాతలు 21 తంత్రుల యాళ్, 14 తంత్రుల యాళ్, 7 తంత్రుల యాళ్ అని భేదములు చెప్పిరి. స్వామీజీ భౌతికశాస్త్రమును, గణితమును చేతబట్టి ఆ పంక్తులలోని స్వరస్థానములను లెక్కగట్టిరి. ఒక్కొక్క తంత్రిని ఆధారషడ్జముగ గైకొన్నచో వేర్వేరు మూర్ఛనలు పుట్టునను గ్రహభేదన్యాయము అందు కీలకము. కర్ణాటక సంగీతజ్ఞులకు అది పరిచితమే. ఏండ్ల తరబడి సాగిన ఈ కృషి ‘యాళ్ నూల్’ అను గ్రంథమై 1947 జూన్ నెలలో వెలువడెను. మరుసటి నెలలోనే స్వామీజీ దేహము చాలించిరి.

కావ్యవచనమును కావ్యవచనముగ, లెక్కను లెక్కగ వేరువేరుగ నుంచుట ఆ గ్రంథమందలి గొప్పతనమని మా యభిప్రాయము. లెక్కను చదువరి తాను తిరిగి వేసి సరిచూచుకొనవచ్చును. అట్టి సౌకర్యమును ధ్వనిముద్రణలు శ్రోతకు కలిగింపవు.

ఆంధ్రులకును ఇందు కొంత సంబంధము కలదు. అమరావతీ శిల్పములందు విల్లు వలె వంగిన వీణను ధరించిన వాదకులు కనబడుదురు. నేటి వీణతో దానికి రూపసామ్యము లేదు. ఆ జాతి వాద్యము బర్మా దేశమున సౌంగ్ అను పేర నేటికిని మ్రోగుచున్నది. అమరావతీ వీణను పునర్నిర్మింపగోరువారు తంత్రులు బిగించు విధమును అచ్చట చూడవచ్చును. శాతవాహనుల నాటి శ్రుతులను మాత్రము అచ్చట అడుగరాదు.

శ్రుతి యను మాటకు మన భాషలో వేదమనియు, స్వరస్థానమనియు రెండర్థములు. సామగానమున ఈ రెండును కలిసినవి. మరుగుపడిన నాదమును వెదకువారు మరుగుపడని ఈ నాదమును తరచు మరతురు. నారదశిక్ష సామస్వరములను వేణుస్వరములతో పోల్చి, అవి అవరోహణక్రమమున నున్నట్లు తెలుపుచున్నది. ఏ స్వరమునకు చేతి వ్రేళ్ళపై ఏ స్థానమో నిర్దేశించుచున్నది. అయితే ఇచ్చటను అతిశయోక్తి తగదు. కౌథుమ, రాణాయనీయ, జైమినీయ శాఖలవారు ఒకే మంత్రమును వేర్వేరు గతులలో పాడుదురు. మూలగాన మొక్కటియే యైనచో అన్నియు మార్పులేక వచ్చినవనుట పొసగదు. గురువు తప్పును సరిదిద్దెను, శిష్యుడు మరల పలికెను, ఈ క్రమము తెగలేదు అనునంతవరకు నిశ్చయముగ చెప్పవచ్చును.

ఆ క్రమము కొన్నిచోట్ల సన్నగిల్లినది. కేరళ నంబూద్రులలో జైమినీయగాన మెరిగినవారు అత్యల్పసంఖ్యాకులు. 1975 లో పాంజాళ్ గ్రామమున జరిగిన పండ్రెండు దినముల అగ్నిచయనమున వారు పాడిన సామములు చలనచిత్రమునకును, ధ్వనిముద్రణమునకును ఎక్కినవి. వేదపఠనమును మానవజాతి వారసత్వముగ యునెస్కో 2003 లో ప్రకటించినది. మన ప్రాంతమున తిరుమల యందలి ధర్మగిరి వేదపాఠశాలలో సామాధ్యయనము సాగుచున్నది. సామము నేర్చు బాలుడు బొటనవ్రేలిని కణుపు మీద నుంచి స్వరము పలుకును. వ్రేలు ప్రక్క కణుపునకు జరిగినచో గురువు నిలిపి, మొదటినుండి మరల చెప్పించును.